పెసరగింజంత

ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. తడికల పాకలో కారు ముందర గొంతుకూర్చొని హనుమండ్లు ముందు చక్రాల మీద సుద్దముక్కతో గీతలు గీసిండు. ఒక్కో టైరు నడిమిట్ల ముందు వైపు ఒక గీత, వెనుక వైపు ఒక గీత. కొత్త టైర్లు. వాటి మీద రబ్బరు నూగు ఇంకా పోలేదు. నిన్న జగిత్యాలలో దేవదాస్ మిస్త్రి వేసిండు. వేసి, ముందు చక్రాలు సరిచేసిన అని దానికి వేరే తీసుకున్నడు. సరిచేసుడు అంటే ఏందో చూపియ్యమంటే కారు కింది నుంచి తల బయటపెట్టకుండనే, "నడిపి చూడు పటేలా, తెలుస్తది" అన్నడు.

చూపియ్యమంటే చూపియ్యని పనికి పైసలు ఇచ్చి వచ్చిన సంగతి హనుమండ్లుకు రాత్రంతా గుచ్చుకున్నది.

అక్క దేవవ్వ బీడీల చాటలో నుంచి ఎర్రదారం తెచ్చుకున్నడు. దానిని రెండు పేటలు వేసి, ఒక కొసను టైరు గాడిలో పుల్లతో నొక్కి, రెండో కొసను అవతలి చక్రం మీది గీత దాకా గుంజి ముడివేసిండు. తరువాత వెల్లకిల పడుకొని ఇంజను కిందికి దూరి, అదే దారాన్ని వెనుక గీతలకు పట్టి చూసిండు. దారం చాలలేదు. ముడికీ గీతకూ నడుమ పెసరగింజంత ఎడం ఉన్నది.

అంటే చక్రాలు ముందటికి దగ్గర, వెనుకకు దూరం. రెండూ ఒకదాని మొహం ఒకటి చూస్తున్నయి.

హనుమండ్లు ఇరవై ఏండ్లు బండి కట్టినవాడు. బండికి చక్రాల నడుమ ముందెంతనో వెనుక అంతే ఉండాలె. తేడా వస్తే ఇరుసు వంకర పోయినట్టు. వడ్రంగి ఎన్ని మాటలు చెప్పినా దారం పెట్టి చూసేదాకా ఆయన ఏనాడూ బండి తీసుకోలేదు. ఇది కారైతే ఏంది, చక్రం చక్రమే. మిస్త్రి ఏమీ చేయలేదు. చేయకపోవుడు కాదు, కావాలనే వంకర పెట్టిండు. వంకర ఉంటే టైరు అరుగుతది. అరిగితే మళ్ళీ జగిత్యాలకే పోవాలె. అక్కడ టైర్ల దుకాణం మిస్త్రి బామ్మర్దిది.

రెండు చక్రాలను కలిపే అడ్డరాడు కొసకు నట్టు ఉన్నది. పాత పానా దాని మీద నిలబడలేదు. జారి, వేళ్ళ కణుపులు ఇనుముకు గీరుకపోయినయి. నెత్తురు తుడుచుకొని మళ్ళీ పట్టిండు. నట్టు వదులైంది. రాడును తిప్పిండు, కొలిచిండు, తిప్పిండు. ముందూ వెనుకా సమానమైంది. బిగించేటప్పుడు మళ్ళీ లోపలికి వస్తదేమోనని, మోకు కట్టేటప్పుడు ఒక గుంజు ఎక్కువ గుంజినట్టు, ఇంకొంచెం బయటికే తిప్పి బిగించిండు.

పని అక్కడితో అయిపోలేదు. ఎద్దులను అమ్మినా వాత పెట్టే ఇనుపకడ్డీ చూరులోనే ఉన్నది. దానిని తీసి పొయ్యిలో పెట్టిండు.

పొయ్యి ఊదుతున్న దేవవ్వ చూసింది. "ఎద్దులు పోయి ఏడాదాయె. ఎవలకు పెడుతవ్ వాత?"

"టైర్లకు."

"ఏందీ?"

"టైర్లకు. డ్రైవరు యాడన్న మార్చుకుంటే ఎట్ల తెలుస్తది? నోరు మూసుకొని ఉండు. ఎవలతోటి అనకు."

దేవవ్వ నవ్వింది. కణుపులు చూసి నవ్వు ఆపి, ఇంత పసుపు తెచ్చి అద్దింది. ఎట్ల తాకిందని అడగలేదు. పాకలో కారు కింద దూరిన కాళ్ళను ఆమె వాకిలి ఊడ్చేటప్పుడే చూసింది.

టైర్ల లోపలి మొహానికి, ఇరుసు వైపు, బయటి నుంచి ఎవరికీ కనపడని చోట, ఎద్దుల తొడ మీద పెట్టిన గుర్తే పెట్టిండు. చిన్న సున్న, కింద గీత. రబ్బరు కాలిన కంపు డ్రైవరు వాహెద్ వచ్చేదాకా పాకలో ఉన్నది.

"ఏం కాలింది కాకా?" అన్నడు వాహెద్.

"ఏం కాలలే. నీళ్ళు కొట్టి కడుగు. కోరుట్ల పోవాలె."

* * *

మెట్‌పల్లి దాటి సడకు మీదికి ఎక్కంగనే వాహెద్ స్టీరింగును రెండు చేతులతో పట్టుకున్నడు. కొంతదూరం పోయినంక కారును నెమ్మది చేసిండు. మళ్ళీ వదిలిండు. కంకర మీద కారు ముందటి భాగం అటొకసారి ఇటొకసారి ఊగింది.

"కాకా, నిన్న జగిత్యాల నుంచి దారం పట్టినట్టు వచ్చింది. ఇయ్యాల ఏందో తాగినోని లెక్క నడుస్తుంది."

దారం అన్న మాటకు హనుమండ్లు మొహం తిప్పి చూసిండు. వాహెద్ సడకునే చూస్తుండు.

"కొత్త టైర్లు. కుదురుకుంటయి."

"కుదురుకునేటిది గిట్ల ఉండది. జర దేవదాస్ మిస్త్రికి చూపిద్దాం. ముందు చక్రాలల్ల ఏదో ఉన్నది."

"నిన్ననే గద సరిచేసిండు?"

"అందుకే అంటున్న. ఆయన చేసినంక గిట్ల ఉండొద్దు. మళ్ళ పైసలేం తీసుకోడు కాకా, మంచి మనిషి."

"తీసుకోడని నీకెట్ల ఎరుక? నీతోటి చెప్పి పంపిండా?"

వాహెద్‌కు ఆ మాట అర్థం కాలేదు. నవ్వి ఊరుకున్నడు. హనుమండ్లుకు ఆ నవ్వు కూడా లెక్కలోకి వచ్చింది. ఇయ్యాల పోతే పైసలు తీసుకోడు. ఎల్లుండి ఇంకేదో విప్పుతడు, దానికి తీసుకుంటడు. అందులో వీనికెంత ముడుతదో.

"మిస్త్రి లేదు, గిస్త్రి లేదు. నడుపు."

అది పెండ్లిళ్ళ కాలం. ఎర్రటెండలో సర్కారు బస్సు కోసం నిలబడలేని పెండ్లివారు కారు కోసం వచ్చి కూర్చునేవారు. పట్నంలో జాగీర్లు పోయిన ఒక నవాబు అమ్ముకున్న పాత ఫోర్డు కారు అది. దాని కొరకు హనుమండ్లు ఎద్దులనూ బండ్లనూ అమ్మిండు. ఆయనకు నడపరాదు. పెండ్లివారు నిండితే ఆయనకు చోటుండదు. కోరుట్ల, నిర్మల్, భైంసా అని వాహెద్ ఒక్కడే కారు తీసుకొని పోతుంటే, సడకు మలుపు దాకా నిలబడి చూసేవాడు. మలుపు తిరిగినంక కనపడని కారు ఆయన కండ్ల ముందర మరీ ఎక్కువ తిరిగేది.

పోయి వచ్చిన ప్రతిసారీ వాహెద్ అదే అన్నడు. "కాకా, చేతులు పడిపోతున్నయి. జర చూపిద్దాం." ప్రతిసారీ హనుమండ్లు వద్దన్నడు. ఒకసారైతే, "లచ్చయ్య కొత్త కారు మెత్తగుంటది. దాని మీద మనసు పోయిందా?" అన్నడు. తునికాకు కంట్రాక్టు చేసే లచ్చయ్య కొత్త కారు కొన్నడని, డ్రైవరు కోసం చూస్తుండని, వాహెద్‌ను అడిగిండని బస్సుల అడ్డాలో అందరికీ తెలుసు.

"అడిగిండు. నేను రానన్న. పెండ్లిళ్ళ నడుమ నిన్ను ఇడిసిపెడితె ఎట్ల?"

మంచి జవాబు. మరీ మంచిగ ఉన్నది. హనుమండ్లుకు అది నచ్చలేదు.

భైంసా పోయి వచ్చిన దినం వాహెద్ కాళ్ళకు కొత్త చెప్పులున్నయి. వాటిని పాక ముందర విడిచి, లుంగీ ఎగగట్టి కారు కడుగుతుంటే, హనుమండ్లు ఒక చెప్పును కాలితో బోర్లించిండు. అడుగు టైరు ముక్క. గాడులు లోతుగ, నల్లగ ఉన్నయి. భైంసాలో టైర్లు కోసి చెప్పులు కుట్టే దుకాణాలున్నయని ఆయన విన్నడు. ఎవరి టైర్లు కోస్తరు? చెప్పును మళ్ళీ కాలితోనే సరిగ్గ పెట్టి లోపలికి పోయిండు.

లోపల దేవవ్వ ఒక్కతే గొణుగుతున్నది. కట్టలు చుట్టుతున్న చేతులు ఆగుతలేవు. "బీడీల కార్ఖాన మున్షి దారం తక్కువొచ్చిందన్నడు. అందరి ముందర అడిగిండు. నేనేమన్న మింగిన్నా దారం?"

హనుమండ్లు కాళ్ళు కడుక్కొని అన్నానికి కూర్చున్నడు.

* * *

రెండు దినాలైనంక, పొద్దెక్కేటప్పుడు, నిర్మల్ నుంచి వచ్చిన వాహెద్ కారును పాక ముందర నిలిపి దిగిండు. లోపలికి రాలేదు. ముందు చక్రం దగ్గర కూర్చొని టైరును అరచేత్తో తడిమి, "కాకా, ఒక్కసారి ఇటు రా" అని పిలిచిండు.

టైరు బయటి సగం కొత్తగనే ఉన్నది. లోపలి సగం మంగలి గీసిన గడ్డం లెక్క నున్నగ పోయింది. అంచున ఒకచోట రబ్బరు కింది గుడ్డ కనపడుతున్నది. రెండో చక్రం కూడా అంతే.

"నేను చెప్తనే ఉన్న కాకా," అన్నడు వాహెద్.

హనుమండ్లు చాలాసేపు చూసిండు. ఆయన కండ్లలో బాధ కనపడలేదు. ఇన్ని దినాలు ఎదురుచూసింది వచ్చినట్టు ఉన్నది.

"నా టైర్లు యాడున్నయి?"

"గివే గద."

"గివి కాదు. నా కొత్త టైర్లు. భైంసల ఎవనికి ఇచ్చి గివి ఏసుకొచ్చినవ్?"

వాహెద్ లేచి నిలబడ్డడు. ఎదురుగా బస్సుల అడ్డా. భూమన్న హోటలు ముందర చాయ తాగుతున్నవాళ్ళు కప్పులు పట్టుకొనే ఇటు తిరిగిండ్రు. వాళ్ళలో లచ్చయ్య ఉన్నడు. మిగిలినవాళ్ళు డ్రైవర్లు, కార్లూ లారీలూ ఉన్నవాళ్ళు. అక్కడ దొంగ అని పేరు పడ్డవానికి ఇగ ఎవ్వరూ తాళంచెవి ఇయ్యరు. ఆ సంగతి వాహెద్‌కు తెలుసు. హనుమండ్లుకు ఇంకా బాగ తెలుసు. అందుకే గొంతు పెంచిండు.

"వారం కాలే టైర్లు ఏసి! కాళ్ళకేమో కొత్త చెప్పులొచ్చె. దొంగతనం జేసి మళ్ళ నాకే చూపిస్తుండు, ఇటు రా కాకా అనుకుంట!"

"కాకా, మాట జర సూసి అను. నేను టైర్లు మార్చలే. అల్లా కసం."

"కసంలు ఎందుకు? నీకు తెలువనిది ఒకటున్నది." హనుమండ్లు అడ్డా దిక్కు తిరిగి చెప్పిండు. "కొత్త టైర్లకు లోపలి దిక్కు వాత పెట్టిన. మా ఎద్దులకు పెట్టే గుర్తు. చక్రం ఇప్పు. గుర్తుంటే నా చెప్పుతో నన్నే కొట్టు. లేకుంటే ఠాణాకు నడువు."

చాయ కప్పులు పెట్టి అందరూ వచ్చిండ్రు. వాహెద్ డిక్కీ తెరిచి జాకీ తీసిండు. వెనుక చక్రాలకు రాళ్ళు పెట్టిండు. కారు నేల మీద ఉండగానే నట్లు వదులు చేసి, తరువాత జాకీ ఎక్కించిండు. మొహం నల్లబడిపోయినా ఏది ముందు చేయాల్నో అదే ముందు చేసిండు. హనుమండ్లుకు అది పెద్ద నాటకం లెక్క కనపడ్డది.

చక్రం ఊడివచ్చింది. నేల మీద బోర్లించి పండబెట్టిండు. లోపలి మొహం నిండా ఎర్రదుమ్ము. భూమన్న చెంబుతో నీళ్ళు గుమ్మరించిండు. వాహెద్ తన రుమాలుతోనే తుడిచిండు.

చిన్న సున్న. కింద గీత.

"దొరికింది హనుమండ్లన్నా నీ ఎద్దు!" అన్నడు భూమన్న. అందరూ నవ్విండ్రు.

"రెండోది ఇప్పు," అన్నడు హనుమండ్లు.

రెండోది విప్పిండు. సున్న, గీత.

నవ్వులు పెద్దగైనయి. వాహెద్ నవ్వలేదు. చెప్పుతో కొట్టుమన్న మాటను కూడా గుర్తుచేయలేదు. ఎండకు నొసలు మీద కారుతున్న చెమటను మోచేత్తో తుడుచుకున్నడు. అంతా అయిపోయిందనుకున్నప్పుడు లచ్చయ్య కిందికి వంగి టైరు అంచును బొటనవేలితో రాసి చూసిండు.

"దొంగతనం లేదు, మంచిదే. మరి వారం దినాలల్ల కొత్త టైర్లు గిట్లెందుకైనయి? నడిపినోడే గద తిన్నట్టు? నేను నీకు నా కొత్త కారు ఇద్దామనుకున్న పిలగా."

దొంగ అన్నప్పుడు కోపం వచ్చిన వాహెద్‌కు ఈ మాటకు తల కిందికి పోయింది. తువ్వాలు పరుచుకొని కారు కిందికి దూరిండు.

కింది నుంచి, "ఈ నట్టు ఎవరు తిప్పిండ్రు?" అన్న మాట వచ్చింది.

అడ్డరాడు కొసన నట్టు మూలలు చెక్కుకపోయి ఇనుము తెల్లగ మెరుస్తున్నది. దేవదాస్ మిస్త్రి పానా పట్టు అట్లుండదు. నట్టు సందులో ఎర్రదారం ముక్క ఇరుక్కొని ఉన్నది. వాహెద్ దానిని వేళ్ళతో లాగి బయటికి వచ్చిండు. అరుగు మీద దేవవ్వ బీడీలు చుడుతున్నది. ఆమె మోకాలి పక్కన అదే రంగు దారం. వాహెద్ అరుగును చూసిండు. ఆ చూపు హనుమండ్లు చేతి మీదికి మళ్ళింది. కణుపుల మీద చెక్కులు, వాటి మీద పసుపు మరక.

చెప్పు, అందరి ముందర చెప్పు, అనుకున్నడు హనుమండ్లు. కాదనడానికి మాట నాలుక మీద సిద్ధంగ ఉన్నది. వాహెద్ చెబితే దానిని వాడొచ్చు.

వాహెద్ చెప్పలేదు. దారం ముక్కను జేబులో వేసుకున్నడు. చక్రాలు రెండూ బిగించి, కారును కిందికి దించి, చేత్తో కొంచెం ముందుకు తోసి నిలిపిండు. పాక తడికలో నుంచి సన్నని వెదురు బద్ద ఒకటి గుంజి, కత్తితో కొసలు చెక్కిండు. టైర్ల మీద గీతలు గీసి ఆ బద్దతో వెనుక కొలిచిండు, ముందు కొలిచిండు.

"దారం సాగుతది," అన్నడు ఎవరితోనో అన్నట్టు. "కట్టె సాగది."

రాడును నెమ్మదిగ తిప్పిండు. మళ్ళీ కొలిచిండు. నట్టు బిగించినంక ఇంకోసారి కొలిచిండు. లచ్చయ్య ఒంగి చూస్తూ, "ముందటికి జర తక్కువుంది గద?" అన్నడు.

"ఉండాలె పటేలా. నడిచేటప్పుడు చక్రాలు బయటికి జరుగుతయి. నిలబడ్డప్పుడు జర లోపలికుంటే నడిచేటప్పుడు సక్కగైతయి. నిలబడ్డప్పుడే సక్కగుంటే నడిచేటప్పుడు రెక్కలు ఇచ్చుకున్నట్టైతది. రోడ్డు టైరు లోపలి అంచును గీకుతది."

"మరి ఎవరు చెడగొట్టిండ్రు?"

వాహెద్ బద్దను గోడకు ఆనించిండు. చేతులు కడుక్కొని హనుమండ్లు దగ్గరికి వచ్చి ఆయన అరచేయి తెరిచి తాళంచెవి పెట్టిండు. దాని మీద ఎర్రదారం ముక్క పెట్టి, వేళ్ళు మూసిండు.

"పెసరగింజంత తక్కువ ఉన్నది కాకా. గట్లనే ఉండనియ్యి."

చెప్పులు వేసుకొని పోయిండు.

* * *

దీపాలు పెట్టే వేళకు లచ్చయ్య వచ్చి అరుగు మీద కూర్చున్నడు. దేవవ్వ చాట ముందర పెట్టుకొని ఒక మూలకు జరిగింది.

"ఒక్క మాట అడుగుదామని వచ్చిన హనుమండ్లన్నా. పిలగాని చెయ్యి మంచిదంటరు. మరి నీ టైర్లు చూస్తే గట్లున్నయి. కొత్త కారాయె. నువ్వు దగ్గర పెట్టుకున్నోనివి, నువ్వు చెప్పు. పెట్టుకోమంటవా?"

నట్టు నేనే తిప్పిన అంటే అయిపోయేది. హనుమండ్లు దీపం వత్తిని చూస్తూ కూర్చున్నడు.

"నా టైర్లు నువ్వూ చూసినవ్," అన్నడు.

అందులో అబద్ధం ఏమీ లేదు. లచ్చయ్య తల ఊపి, కండువా భుజాన వేసుకొని లేవబోయిండు.

"కూసో లచ్చయ్యా," అన్నది దేవవ్వ. బీడీ కొస మడుస్తూనే చెప్పింది. "గా పిలగాడు నీ టైర్లు తినడు. ఈయన నా దారం ఎత్కపోయి పొద్దుగాల కారు కింద పండి కొలిచిండు. పానతోటి తిప్పిండు. చెయ్యి గీరుకున్నడు. పసుపు నేనే పెట్టిన. దారం తక్కువొచ్చిందని కార్ఖానల నన్ను దొంగ అన్నరు. ఈయనకు ఎరుకే. కూసొని అన్నం తిన్నడు. నేనంటే ఇంటిదాన్ని, పడ్డ. వానికెందుకు?"

లచ్చయ్య హనుమండ్లు చేతి దిక్కు చూసిండు. హనుమండ్లు చేతిని కండువా కిందికి తీసుకున్నడు.

"గట్లనా," అని లచ్చయ్య దిగి చీకట్లో పోయిండు. వాహెద్ ఇంటి దిక్కే పోయిండు.

హనుమండ్లు దేవవ్వ దిక్కు తిరిగిండు.

"నీకేమిచ్చిండు వాడు?"

దేవవ్వ చేతులు ఆగినయి. పొద్దటి నుంచి అవి ఆగుడు అదే మొదలు. చాట ఎత్తుకొని లోపలికి పోయి తలుపు దగ్గరేసుకున్నది.

తరువాత కారు పాకలోనే ఉన్నది. హనుమండ్లు అడ్డాకు పోయి ఇద్దరు ముగ్గురిని అడిగిండు. ఒకడు పని ఉన్నదన్నడు. ఇంకొకడు, "నాకు యాడ పెడుతవ్ కాకా వాత?" అని వీపు చూపించిండు. హోటల్లో నవ్వులు లేచినయి. పెండ్లివారు వచ్చి, డ్రైవరు లేడని తెలిసి బస్సు దిక్కు పోయిండ్రు.

ఒక పొద్దున లచ్చయ్య కొత్త కారు పాక ముందర ఆగింది. నడిపేది వాహెద్. దిగి తిన్నగ పాకలోకి వచ్చిండు. తన జీతం బాకీ కోసం వచ్చిండనుకొని హనుమండ్లు మొహం గట్టి చేసుకున్నడు. వాహెద్ జీతం మాట ఎత్తలేదు. ఒంగి ముందు చక్రాలను అటు నుంచి ఒకసారి, ఇటు నుంచి ఒకసారి చూసిండు.

"సక్కగున్నయి. ఎవడు నడిపినా టైర్లు బతుకుతయి. ముట్టకు కాకా."

అంతే అని పోయిండు. కొత్త కారు చప్పుడు కూడా లేకుండ మలుపు తిరిగింది.

హనుమండ్లు పాకలో నిలబడ్డడు. పైసలు అడగలేదు. తిట్టలేదు. మరి ఎందుకొచ్చిండు? ముట్టకు అని ఎందుకన్నడు? ముడితే ఏం బయటపడతది?

లోపలికి పోయి దారం అడిగిండు. దేవవ్వ తల ఎత్తలేదు, ఇయ్యలేదు. ఉండను కొంగున ముడివేసుకున్నది. హనుమండ్లు తిరిగి వచ్చి గోడకు ఆనించి ఉన్న వెదురు బద్ద తీసుకున్నడు. కారు కిందికి దూరి వెనుక కొలిచిండు. బయటికి వచ్చి ముందు కొలిచిండు. పెసరగింజంత తక్కువ. ఆ దినం వాహెద్ చెప్పినంతనే. గింజలో సగం కూడా జరగలేదు.

మళ్ళీ కొలిచిండు. అంతే ఉన్నది.

దుమ్ములో కూర్చొని బద్దను కండ్ల ముందరకు ఎత్తి, ఒక కన్ను మూసి, ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసిండు. తిప్పి మళ్ళీ చూసిండు.

బద్దను చెక్కింది కూడా వాహెదే.